అయిపోయిందండీ!

గుడివాడ ఫొటోగ్రాఫర్ బాబాయి పెళ్లిళ్లలో ఒకటే అబద్ధం ఆడేవాడు: "అయిపోయిందండీ!" బిగుసుకున్న జనం హమ్మయ్య అని నవ్వగానే అసలు ఫొటో తీసేవాడు. ఫ్రేముల కొట్టులో పెరిగి, బేరంలో ఎవరి మాటా నమ్మని నేను కూడా ఆ మాట నమ్మేవాణ్ణి, ప్రతిసారీ.

బందరులో ఫొటోగ్రాఫర్లంతా కలిసి ప్రదర్శన పెట్టారు. బాబాయి తీసిన నాగాయలంక పడవలు గోడకెక్కాలంటే పక్కన ఆయన ఫొటో ఉండాలన్నారు. ఆయనది ఒక్కటీ లేదు. కెమెరా నా చేతికిచ్చి కొయ్యలా నిలబడ్డాడు. ఎన్ని తీసినా పోలీస్ స్టేషన్‌లో తీసినట్టే వచ్చాయి.

"వద్దులేరా. ఆ పడవలు కూడా తీసేయమను," అన్నాడు దిగులుగా.

"సరే, అయిపోయింది బాబాయ్."

హమ్మయ్య అని నవ్వాడు. నొక్కేశాను.

"ఓరి దొంగా! నా సరుకు నాకే అమ్మావు కదరా!"