మజ్లిస్‌లో మసి

అల్ ఘర్రాఫాలో నేను పనిచేసే విల్లా మజ్లిస్‌లో, అతిథులు కూచునే ఆ పెద్ద గదిలో, తెల్ల సున్నపురాతి పొయ్యి ఒకటుంది. ఎండకు మనుషులు మాడే అరబ్బు దేశంలో చలి కాచుకోవడానికి గోడలో పొయ్యి! చలి ఉండేదెన్నాళ్లని? ఆ నాలుగు రోజులూ కట్టెలు కాల్చడం వాళ్ల సరదా. మసి తీయడం నా డ్యూటీ.

రాతిమీది మసికి ముందే నీళ్లు తగిలితే నలుపు లోపలికి దిగుతుంది. పొడి కుంచెతో దులిపి, గట్టిగా పిసికిన పిండిముద్దతో అద్ది అద్ది తీయాలి. ఇది నాకెవరూ నేర్పలేదు. బడి మొహం చూడనివాణ్ని, అక్షరాలే బస్సు బోర్డుల మీద దిద్దుకున్నాను.

మొన్నటి చలికాలం ఓ పొద్దున మజ్లిస్‌లో అడుగుపెడితే పులుపు వాసన. కడప నుంచి వచ్చిన ఇంటి డ్రైవరు పొయ్యి అంచును చింతపండుతో తోముతున్నాడు.

"ఏం జేస్తున్నవ్‌రా?"

"నీకే సాయం చేస్తాండా మామా. మాయమ్మ ఇత్తడి బిందెలు దీంతోనే తోముతాది. ఎట్ల తెల్లగొచ్చెనో చూడు!"

తెల్లగానే వచ్చింది. వేలుపెట్టి చూశాను. నున్నటి రాయి గరుకు తేలింది.

"పులుపు రాయిని తింటదిరా! బిందె అనుకున్నవా?"

వాడి మొహం మాడిపోయింది. వారంలో వాడికి లీవు. ఊళ్లో పొలంలో అన్నదమ్ములిద్దరికీ కలిపి బోరు వేయించాలి. తను లేకపోతే అన్న దాన్ని సొంత గట్టు పక్కనే వేయించుకుంటాడని రోజూ అదే గోల.

"అర్బాబుకు చెప్పొద్దు మామా. రాత్రికి రెండు కట్టెలు ఎక్కువేస్తే మళ్లీ పొగ పడతాది. ఎవురికి కనపడతాది?"

ఇంతలో ఆ అర్బాబే, మా యజమాని, వచ్చాడు. తెల్లటి అంచు చూసి సంబరపడి, "జైన్, జైన్! బాగుంది, పొయ్యంతా ఇలాగే చేయండి" అన్నాడు. డ్రైవరు నా మోచేతిని గిల్లాడు. పొయ్యంతా! ఇక నా నోరు ఆగుతుందా? యజమాని చెయ్యి పట్టుకుని ఆ గరుకుమీద పెట్టాను.

ఎవరు చేశారని అడిగాడు. "నేనే" అన్నాడు డ్రైవరు, తల దించుకుని. రాయి మళ్లీ నున్నగా అయ్యేదాకా లీవు లేదని చెప్పి వెళ్లిపోయాడు యజమాని.

నేను అబద్ధమాడలేదు. ఆ రాయి నాశనమవుతుంటే చూస్తూ ఊరుకోవాలా? అయినా ఆ వారమంతా నాకు నిలబడితే నిలబడబుద్ధి కాలేదు, కూర్చుంటే కూర్చోబుద్ధి కాలేదు. ఇద్దరం గరుకు కాగితం తడిపి పక్కపక్కనే రుద్దాం.

ఓ మధ్యాహ్నం వాడి ఫోను మోగింది. బోరు బండి పొలంలో, అన్న గట్టు పక్కనే దిగిందట.

"అన్నా, నువ్వేం చెప్పొద్దు, ఫోను ఆ బోరు బండాయప్పకియ్యి... అన్నా! ఇయ్యిన్నా!" అని వాడు అరుస్తున్నాడు. అటునుంచి అప్పటికే మిషను మోత.

నేను వాడి వంక చూడకుండా ఇంకా గట్టిగా రుద్దాను.