బొట్టు పెట్టి పిలిచిన సదస్సు

ఆ రోజుల్లో సదస్సంటే ఓ బ్యానరు, ఓ మైకు, నాలుగు పూలబొకేలు ఉంటే చాలు, జనం వాళ్ళంతట వాళ్ళే వస్తారని నా గట్టి నమ్మకం. (ఉద్యోగం కొత్త, నమ్మకాలు అంతకన్నా కొత్త.) పర్చూరులో ఓ చిన్న సంస్థలో చేరానో లేదో, గ్రామాభివృద్ధి, ప్రాంతీయ ఆర్థిక విధానం మీద సదస్సు నా నెత్తిన పడింది. ఢిల్లీ నుంచి ఓ కుర్ర ప్రొఫెసరు వస్తున్నాడు. "హాలు నిండితే నీ ఉద్యోగం పర్మనెంటమ్మా. కుర్చీలు ఖాళీగా కనపడితే మాత్రం నేనేం చెయ్యలేను" అన్నారు మా పెద్దసారు. నేను ఊరందరికీ వాట్సాప్‌లో ఆహ్వానం పంపి కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను. రేపు సదస్సనగా తెలిసింది, ఒక్కరూ రావట్లేదని. ఏడుపు ఒక్కటే తక్కువ.

"మిరపకోతలు ముమ్మరంగా ఉంటే ఫోన్లో బొమ్మ పంపిస్తే ఎవరొస్తారే పిచ్చిమొహమా? గడప తొక్కి పిలవాలి!" అంది నేను అద్దెకున్న ఇంటి ఓనరమ్మ. ఆవిణ్ణి అత్తయ్యా అనేదాన్ని. కుంకుమ భరిణె తీసుకుని, నన్ను వెంటేసుకుని బయల్దేరింది. బొట్టు పెట్టుకునే వాళ్ళకు బొట్టు పెట్టింది. సాయిబుల ఇళ్ళలోనూ, చర్చి వీధిలోనూ చేతులు పట్టుకుని పిలిచింది. "మా అమ్మాయి తరఫున పిలుస్తున్నా, రేపు అందరూ రావాలి" అన్నదొక్కటే మాట. గడపలోకొచ్చి అంత మర్యాదగా పిలిచాక దేనికని ఎవరడుగుతారు?

మర్నాడు హాలు నిండింది. పట్టుచీరలు, మల్లెపూలు, చేతుల్లో చదివింపులకు తెచ్చిన స్టీలు డబ్బాలు! కోతలు మానుకుని మరీ వచ్చారు. ఓ పెద్దావిడ నా గడ్డం పట్టుకుని, పక్కనున్న ప్రొఫెసరును ఎగాదిగా చూసి, "పెళ్ళికొడుకు ఎర్రగా బుర్రగా ఉన్నాడే!" అంది. ఆవిడేమందని ఆయన ఇంగ్లీషులో అడిగాడు. మీ రాక ఎంతో సంతోషమంటున్నారని చెప్పాను. (ఆశ పెట్టుకోకండి, ఆ సంబంధం కుదరలేదు.)

చివరికి పెద్దసారే మైకు పట్టుకుని ఇది పెళ్ళి కాదని చెప్పారు. ఇక అందరూ లేచి వెళ్ళిపోతారనుకున్నాను. పెద్దావిడ డబ్బా ఒళ్ళో సర్దుకుంది. "కాకపోతే పోనీలేండి. ఇంటికొచ్చి పిలిచారు, వచ్చాం. ఏం కావాలో అడగండి, చెప్తాం" అంది. సాయంత్రం దాకా ఒక్కరూ కదల్లేదు. పత్తి తీతల కూలి నుంచి ఊరికి రాని బస్సు దాకా చెప్పారు. నేను ఇంగ్లీషులో చెప్తుంటే ప్రొఫెసరు రాసుకుంటూనే ఉన్నాడు. వెళ్ళేటప్పుడు ఆయన సంచిలో మూడు స్టీలు డబ్బాలు, నా చేతిలో ఉద్యోగం.

వచ్చే నెల మళ్ళీ సదస్సుంది. "లింకు పంపాం కదా మేడమ్" అంటున్నారు మా ఆఫీసు పిల్లలు. వాళ్ళను చూస్తే అచ్చం అప్పటి నేనే, నవ్వొస్తుంది. అత్తయ్య ఇప్పుడు లేదు. పోయేముందు నా చేతిలో పెట్టిన భరిణె ఉంది. ఈ రోజు నేను తింటున్న అన్నం ఆవిడ పెట్టిందే. నిన్న పర్చూరులో మొదటి గడప తొక్కాను. ఇంటావిడ నుదురు ముందుకు వంచి, "ఎవరి తరఫునమ్మా పిలుపు?" అంది.

"మా అత్తయ్య తరఫునండీ" అన్నాను.