సెలవునాడు బరువులెత్తిన అతుకు

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. రాయగడలో సగం దెయ్యాలను పుట్టించిందే నేనైతే నమ్మకం ఎలా ఉంటుంది? నాగావళి వంతెన మీద లిఫ్టు అడిగే తెల్లచీర ఆవిడ నా సృష్టే. ఇప్పుడు ఆటోవాళ్ళు ఆవిడ గురించి నాకే చెబుతుంటే నోరు తెరుచుకుని వింటున్నాను. కాబట్టి ఇదీ అలాంటిదే అనుకుంటే మీ తప్పేం లేదు.

నా పని వెల్డింగ్ అతుకుల ఆయుష్షు చూడటం. ఇనప తీగను అటూ ఇటూ పదేపదే వంచితే తెగిపోతుంది కదా, అతుకూ అంతే. బరువు పడిన ప్రతిసారీ కంటికి కనబడనంత అలసిపోతుంది. ఎంత బరువు, ఎన్నిసార్లు పడిందో లెక్కగట్టి ఇంకెన్నాళ్ళు నమ్మొచ్చో చెబుతాను. దామంజోడి, జయపురం, ఎక్కడికి పిలిస్తే అక్కడికి వెళ్తాను. ఇది మాత్రం రాయగడ పక్కన ఒక చిన్న ఇనప షెడ్డులో జరిగింది. పేరు చెప్పను.

అక్కడ పైకప్పు కింద పట్టాల మీద నడిచే క్రేన్ ఒక్కటే ఉంది. దాన్ని నడిపేది మా అక్క భర్త, సింహాచలం బావ. దూలానికి వేలాడే గాజు గదిలో కూర్చుని బరువులెత్తుతాడు. ఆ గదికి సరిగ్గా పైన దూలం అతుకు. దాని పక్కన గోరంత రేకు అంటించాను. బరువు పడితే రేకు సాగుతుంది, బ్యాటరీతో నడిచే నా పెట్టె ఆ సాగుడును గీతగా గీస్తుంది. ఎత్తితే గీత కొండలా లేస్తుంది, దింపితే మెల్లగా దిగుతుంది.

పెట్టె బిగించిన మర్నాడు విశ్వకర్మ పూజ. ఆ రోజు పనిముట్టు ముట్టకూడదని మా వైపు గట్టి పట్టింపు. కొక్కేనికి దండ వేసి, మెయిన్ స్విచ్ తీసేసి తాళం పెట్టారు. నా పెట్టె విప్పబోతే దానికీ బొట్టు పెట్టి, రేపటిదాకా తాకొద్దన్నారు. అది నడుస్తూనే ఉండిపోయింది. రోజంతా నేనూ బావా షెడ్డు ముందు పందిట్లో పక్కపక్కనే కూర్చున్నాం. ఖిచిడీ, డాల్మా తిన్నాం, పేకాడాం.

తరవాతి రోజు చూస్తే గీత చదునుగా ఉండాలి. కానీ అందులో పూర్తి షిఫ్టు పని ఉంది. కొండ వెనుక కొండ. టీ వేళకు ఖాళీ, భోజనం వేళకు ఖాళీ.

తీగలు మార్చాను. రేకు ఊడిందేమో చూశాను. ఎండకు ఉక్కు సాగినా గీత నెమ్మదిగా వాలుతుంది తప్ప ఇలా ఎగరదు.

ప్రతి కొండకూ మొదట్లో చిన్న మెట్టు ఉంది. బరువును జానెడు లేపి, ఊగుతుందేమోనని ఒక్క క్షణం ఆపి, అప్పుడు పైకెత్తడం బావ అలవాటు. ఆ షెడ్డులో ఇంకెవరూ అలా చెయ్యరు.

గీత చూపిస్తే, "ఇది నా సెయ్యే బావా," అని నవ్వాడు సింహాచలం బావ. "నన్ను పేకాటలో కూకోబెట్టి నా సేత డ్యూటీ సేయించేసేరేటి? ఓటీ రాయించు."

తరవాత చివరి కొండ చూశాడు. మెట్టు ఉంది, ఎక్కడం ఉంది. దిగడం లేదు. శిఖరం మీంచి గీత నిట్టనిలువుగా సున్నాకు పడిపోయింది. ఆ తరవాత ఏమీ లేదు.

"మరి దింపలేదేటి?" అన్నాడు. అతుకు తెగితేనే గీత అలా పడుతుంది. అది బావకూ తెలుసు.

ఇంజనీరు ఒడియా ఆయన, మంచివాడే. నా మాట కాదనలేక ఆ అతుకు కోయించి కొత్త పలక వేయించాడు. కోసి తీసిన దాన్ని ముక్కలు చేసి పరీక్షించాం. వెంట్రుకంత పగులు లేదు. నడవని క్రేన్ మీద పడిన బరువును ఏ లెక్కలో రాయమంటారని హిందీలో అడిగాడు. పనిరోజుల లెక్క ప్రకారం ఆ క్రేన్ మా అందరికంటే ఎక్కువ కాలం బతకాలి.

వారపు సెలవునాడు, స్విచ్ తీసేశాక, కొత్త అతుకు పక్కన కొత్త రేకు పెట్టాను. అవే కొండలు, అదే ముగింపు.

క్రేన్ దిగిపొమ్మని బావను బతిమాలాను. "నాను దిగిపోతే ఆ కుర్సీ ఖాళీగుంటాదేటి? ఇంకోడెక్కుతాడు. ఆడికీ పెళ్ళాం ఉంటాది కాదేటి," అన్నాడు.

అక్కకు చెప్పాను. ఉల్లిపాయలు తరుగుతూ తలైనా ఎత్తలేదు. "నీ కతల్లోకి నా మొగుణ్ణి లాగకురా. ఊళ్ళో ఇంకెవులూ దొరకనేదేటి నీకు?"

చివరికి బావే ఉపాయం చెప్పాడు. "నా సెయ్యి మార్సెస్తాను. అప్పుడా గీత నాది కాదు."

వారమంతా జానెడు దగ్గర ఆపడం మానేసి, ఒకే ఊపున ఎత్తాడు. ఎన్నో ఏళ్ళ అలవాటు, ప్రతిసారీ చెయ్యి దానంతటదే ఆగబోయేదట. పళ్ళు బిగించి లాగేవాడు.

ఆ ఆదివారం గీతలో మెట్లు లేవు. ఒక్క కొండకూ లేవు. చివరి కొండ మాత్రం ముందులాగే శిఖరం మీంచి పడింది.

ఇదేమిటో నాకు ఇప్పటికీ తెలీదు. అబద్ధపు కారణమైనా ఒకటి కల్పిద్దామంటే, జీవితంలో మొదటిసారి అదీ తోచడం లేదు.

ఆ మర్నాడే, అంటే మొన్న సోమవారం పొద్దున్న, క్రేన్ నిచ్చెన దగ్గర బావ నన్ను ఆపాడు.

"ఏటి బావా, గీత మారిందా?"

"మారింది," అన్నాను.

"సెప్పేను కాదేటి," అని నవ్వి, పైకెక్కాడు.