పై పెట్టె, కింది పెట్టె

విమానాశ్రయం పక్కన ఒక సరుకుల గోదాములో నా ఉద్యోగం. పెట్టెల మీద అంటించే లేబుళ్లను కంప్యూటర్‌లో ఒక సర్వీసు తయారుచేస్తుంది. అది తెర మీద కనిపించదు, ఎవరు లాగిన్ అయినా కాకపోయినా వెనకాల నడుస్తూనే ఉంటుంది. లేబుళ్లను ఏ ఫోల్డర్‌లో వేయాలో విండోస్‌లోని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ అనే సెట్టింగు చూసి తెలుసుకుంటుంది. ఆ ఫోల్డర్ మారింది. సెట్టింగులో కొత్త పేరు నేనే రాశాను. లేబుళ్లు మాత్రం పాతదాంట్లోనే పడుతున్నాయి.

"శుక్రవారంలోగా సరిచేయండి. లేకపోతే మిమ్మల్ని కాటేదాన్ గోదాముకు పంపాల్సి వస్తుందండి," అన్నారు మేనేజరు. అక్కడ రోజంతా రసీదులు టైపు చేయడమే.

కమాండ్ విండోలో అడిగితే కొత్త పేరే చూపిస్తోంది. సర్వీసు ఆపి మళ్లీ మొదలుపెట్టినా మార్పు లేదు. నేను లేనప్పుడు ఎవరో మార్చి, వచ్చేలోపు తిరిగి సర్దుతున్నారని తేల్చుకున్నాను. ఆ కంప్యూటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ ఉన్నది ఒక్కరికే. పక్క బల్ల దగ్గర కూర్చునే ఆయనకు. మామిడిపల్లి నుంచి వస్తాడు, రోజూ నవ్వుతూ పలకరిస్తాడు.

భోజనానికి వెళ్తూ మౌస్‌ను వంకరగా పెట్టాను. అది ఎటు తిరిగి ఉందో డైరీలో బొమ్మ గీసుకుని, డైరీని కీబోర్డు కింద దాచాను. తిరిగొచ్చేసరికి మౌస్ తిన్నగా ఉంది. మర్నాడూ అంతే. 'నేను చదివిన డిటెక్టివ్ నవలలన్నిటిలో దొంగ మర్యాదస్తుడే' అని బొమ్మ కింద రాశాను.

శుక్రవారం పొద్దున ఆయన నా వెనక నిలబడ్డాడు.

"ఏంది చెల్లె, నాలుగు దినాలసంది గదే చూస్తున్నవ్?"

"ఎవరో మారుస్తున్నరన్నా," అన్నాను, ఆయన మొహమే చూస్తూ.

ఆయన మాత్రం తెర చూశాడు. అందులో వేరియబుళ్లు రాసే పెట్టెలు రెండు, ఒకదాని కింద ఒకటి.

"పైన రాసినవ్. అది నీ ఒక్కదానిది. నువ్వడిగితే నీకు కొత్త పేరే చెప్తది. సర్వీసు నీ పేరు మీద నడుస్తలేదు గద, సిస్టం పేరు మీద నడుస్తది. కింద పాత పేరు గట్లనే ఉన్నది, అది గదే చదువుకుంటది. నువ్వు 'నా' అని రాస్కున్నవ్. 'మన' అని రాయాలె."

అడ్మిన్ పాస్‌వర్డ్ లేకపోతే కింది పెట్టె మీటలు నాకు పనిచేయవు. పాస్‌వర్డ్ అడగడానికి మొహమాటపడి పైనే రాసి ఊరుకున్నాను.

ఆయన పాస్‌వర్డ్ కొట్టాడు. నేను కింద మార్చాను.

"ఇగ మొత్తం మిషినే రీస్టార్ట్ చెయ్యి. లేకుంటే పాతదే పట్టుకొని కూసుంటది."

లేబుళ్లు కొత్త ఫోల్డర్‌లో పడ్డాయి. మేనేజరు వచ్చి చూసి, "సరే, ఇక్కడే ఉండండి," అని వెళ్లిపోయారు.

"దినాం మౌస్ గట్ల వంకరగ ఎందుకు పెడ్తవ్?" అన్నాడాయన. "పోంగ రాంగ సక్కగ చేస్తున్న."

నా చెయ్యి కీబోర్డు మీదికి పోయింది.

"బొమ్మ మాత్రం మంచిగ గీసినవ్."

దాని కింది వాక్యం కూడా చదివాడా అన్నది ఇప్పటికీ తేలలేదు. భోజనానికి డైరీని వెంట తీసుకెళ్తున్నాను.