సరాతె డాక్టర్ మధ్యాహ్నం నిద్ర

ఎలీహియో సరాతెకు ఉన్న జబ్బు ఒక్కటే: మధ్యాహ్నం కాగానే ఎక్కడుంటే అక్కడ పడుకోవడం. మా పరాగ్వేలో ఆ వేళకు అందరూ పడుకుంటారు, నిజమే. కానీ ఇంటికెళ్ళి పడుకుంటారు. ఈయన చంకలో ఊయల పెట్టుకు తిరిగేవాడు. మా దగ్గర వకీలును కూడా డాక్టర్ అనే పిలుస్తాం. నిద్రజబ్బు ఉన్నవాడే డాక్టరయ్యాడని నవ్వుకునేవాళ్ళం. ఇప్పుడాయన వకాల్తా మానేసి, ఊయల మనవరాలికిచ్చేశాడు కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

నేను పోలీస్ స్టేషన్ ఎదురుగా మేం రోజంతా చల్లగా తాగే తెరెరె కషాయంలో వేసుకునే ఆకులూ వేళ్ళూ దంచి అమ్ముతాను. భూమి కోసం గొడవపడ్డ రైతునో, జీతమడిగిన కూలీనో పోలీసులు పట్టుకొస్తే చాలు, డాక్టర్ ఊడిపడేవాడు. పొద్దుటంతా గొంతు చించుకుని వాదించేవాడు. పన్నెండయ్యేసరికి వరండా స్తంభాలకు ఊయల కట్టి, ముఖం మీద టోపీ వేసుకుని గురక మొదలుపెట్టేవాడు. ఆ గురకకు నా బల్ల మీది ఆకులు లేచిపోయేవంటే మీరు నమ్మరు. లోపల మనిషి ఏడుస్తుంటే ఈయనకు నిద్రెలా పడుతుందని ఊరంతా బుగ్గలు నొక్కుకునేది. అయినా ఎవరూ కదిలించేవారు కాదు. మధ్యాహ్నం నిద్రలో ఉన్నవాణ్ణి లేపడమంటే మాకు వాడి తల్లిని తిట్టడంతో సమానం. పోలీసులు కూడా ఆయన పక్కనుంచి మునివేళ్ళ మీద నడిచేవారు.

తర్వాత ప్రతిపక్షం తరఫున ఎన్నికల్లో నిలబడ్డాడు. ప్రభుత్వాన్ని ఉతికి ఆరేస్తూ, జనం చప్పట్లు కొడుతుండగా, "మిగతాది లేచాక" అని మైకు వదిలేసి ఊయలెక్కేవాడు. అవతలి పార్టీవాళ్ళు లారీ మీద ఊయల కట్టి, అందులో గడ్డిబొమ్మను పడుకోబెట్టి ఊరేగించారు. ఆ ఎన్నికలో బొటాబొటిగా గెలిచాడనుకోండి.

ఆ ప్రచారం రోజుల్లోనే మా తమ్ముడు సిరియాకోను పట్టుకెళ్ళారు. రైతులతో కలిసి రోడ్డుకు అడ్డంగా కూర్చున్నాడట. జడ్జి విడిచిపెట్టమన్నాడు గానీ, కోర్టు గుమాస్తా కునుకు తీసి లేస్తే గానీ ఆ ఉత్తర్వు బయటికి రాదు. ఈలోగా వాణ్ణి రాజధానికి తరలించడానికి వ్యాన్ వచ్చి నిలబడింది. అంతకుముందు ఆ వ్యాన్ ఎక్కినవాళ్ళలో కొందరు ఏమైపోయారో మాకెవరికీ తెలియదు. నేను డాక్టర్ దగ్గరికి పరిగెత్తాను. డాక్టర్ మాత్రం ఆవలించాడు. ఊయల ఒక కొస స్తంభానికీ, రెండో కొస వ్యాన్ తలుపు పిడికీ కట్టి, ఎక్కి పడుకుని గురక పెట్టాడు.

సార్జెంట్ రొలోన్ మా తమ్ముణ్ణి బేడీలతో తీసుకొచ్చి ఆగిపోయాడు. తాడు విప్పితే డాక్టర్ కింద పడతాడు. లేపమని డ్రైవర్‌కు సైగ చేశాడు.

"నేనా? మీరే లేపండి సార్, పెద్దవారు."

సార్జెంట్ కమిషనర్ని అడగడానికి లోపలికెళ్ళి, వెంటనే తిరిగొచ్చాడు. ఆయనా పడుకున్నాడట.

"మరి లేపారా సార్?"

"నీకేమన్నా పిచ్చా?"

చేసేదేం లేక ముగ్గురూ వరండా మెట్ల మీద నీడలో కూర్చున్నారు.

తమ్ముడు బేడీలతో కూర్చుంటే, వాదించాల్సినవాడు గురక పెడుతున్నాడని నాకు కడుపు మండిపోయింది. పోలీసులు లేపకపోతే నేనే లేపుతానని చల్లటి తెరెరె గ్లాసు పట్టుకుని వెళ్ళి, ఊయల మీదికి వంగాను. టోపీ కింద ఆయన కళ్ళు ఇంతింత తెరుచుకుని ఉన్నాయి. ముఖమంతా చెమట. రెండు చేతులతో తాళ్ళు బిగించి పట్టుకున్నాడు.

"దోన్యా సెబేరియానా," గురకకూ గురకకూ మధ్య నా పేరు పెట్టి గొణిగాడు, "గురక మెట్లదాకా వినిపిస్తోందా?"

టోపీ ఆయన ముఖం మీదికి సర్ది, "ఇంకాస్త పెంచండి" అన్నాను.

చివరికి గుమాస్తా కళ్ళు నులుముకుంటూ ఉత్తర్వు తెచ్చాడు. సార్జెంట్ బేడీలు విప్పాడు. అతనికీ గండం గడిచినట్టే ఉంది, మా వాడి వీపు తట్టాడు. నేను తమ్ముణ్ణి పట్టుకుని ఏడ్చాను, వాణ్ణే తిట్టాను, హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. ఇన్నేళ్ళూ ఆ స్టేషన్‌లో మధ్యాహ్నాలు ఎవరి మీదా దెబ్బ ఎందుకు పడలేదో, ఎవరినీ ఎందుకు తరలించలేదో అప్పుడర్థమైంది.

సాయంత్రం గడ్డిబొమ్మ లారీ మళ్ళీ వచ్చింది. నాకు ఒళ్ళు మండి, వాళ్ళ మైకే లాక్కుని ఉన్న సంగతి చెప్పేస్తానని లేచాను. డాక్టర్ నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"మీకు వోట్లు పోతున్నాయి డాక్టర్" అన్నాను.

"పోతే పోనీ. చెప్పావంటే రేపటినుంచి నన్ను లేపేస్తారు."