కాణిపాకంలో కారిన నలుపు

నా జీవితంలో నేను చెప్పబోయిన ఒకే ఒక్క పూర్తి నిజాన్ని చెడగొట్టింది నా తల. పైభాగం. లోపలి భాగం కూడా చేతనైన సాయం చేసిందనుకోండి. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను. నవ్వుకోండి, కాకపోతే మా వీధిలో వినబడకుండా నవ్వుకోండి. వాళ్ళు ఇప్పటికే సరిపడా నవ్వారు.

అప్పటికి నాకు నలభై ఆరేళ్ళు. చిత్తూరులో జిరాక్సు అంగడి నాది. జిరాక్సుతో పాటు ఊరివాళ్ళకు అర్జీలు కూడా రాసిపెట్టేవాణ్ణి. పక్కింటి మునిరత్నంతో ఇరవై ఏళ్ళ స్నేహం. ఒకరోజు మునిసిపాలిటీ వాళ్ళు వచ్చి, వీధిలోకి జరిపి కట్టాడని అతని కొత్త మెట్లు పగలగొట్టి పోయారు. ఎవరో అర్జీ పెట్టారట. ఇంకేముంది, పగిలిన సిమెంటు ముక్క ఒకటి చేత్తో పట్టుకుని నా అంగడికి వచ్చాడు.

"అర్జీ పెట్టింది నువ్వే కదప్పా, చెంగల్రాయా?"

"నేనెందుకు పెడతానబ్బా?"

"బండి తిప్పుకునేదానికి నా మెట్లు అడ్డమని పోయిన నెల అనలేదా?"

"అన్నాను. నీ మొహాన్నే అన్నాను గదా. కాయితం మీద పెట్టలేదే."

"నెత్తి నెరిసింది గానీ నీతి రాలేదప్పా నీకు. కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?"

"చేస్తా. శుక్రవారమే చేస్తా."

మా వైపు తగాదాలకు అదే ఆఖరి కోర్టు. తలస్నానం చేసి, తడిబట్టలతో వినాయకుడి ఎదుట ప్రమాణం చేస్తే ఇక దానికి పైమాట లేదు. చెయ్యకపోతే ఇరవై ఏళ్ళ స్నేహం పోతుంది, అర్జీలు రాసే నన్ను ఊళ్ళో ఎవడూ నమ్మడు. నేను పెట్టలేదు కాబట్టి ప్రమాణానికి భయం లేదు. నన్ను కాల్చింది నీతి మాట కాదు, నెత్తి మాట. నాకంటే రెండేళ్ళు పెద్దవాడు, బట్టతలవాడు, వాడా నన్ను అనేది?

బుధవారం సాయంత్రమే రంగు పొట్లం తెచ్చి పట్టించుకున్నాను. అరగంట ఉంచమని పొట్లం మీద రాసుంది. నేను చాప మీద కూర్చుని, మునిరత్నానికి ఆరోజు అంగడిలోనే చెప్పి ఉండాల్సిన జవాబులు ఇప్పుడు తయారుచేసుకున్నాను. వాడు ఇది అంటే నేను అది అనాలి, వాడు అది అంటే నేను లేచి నిలబడాలి. జవాబులన్నీ పదును తేలేసరికి రెండు గంటలైంది.

కడుక్కుని అద్దంలో చూస్తే తల ఉండాల్సిన చోట మాడిన దోసె పెనం బోర్లించి ఉంది. నుదురు, చెవులు కూడా దాని ఖాతాలోకే పోయాయి. నా భార్య మంజుల వంటింట్లోంచి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎవరు కావాలయ్యా? మా ఆయన ఇంట్లో లేడు."

"గమ్మున ఉండు మంజులా. ఒళ్ళు మండతా ఉండాది."

"ఒళ్ళు కాదు, నెత్తి మాడింది. దీంతో పోయి దేవుడి ముందర నిజం చెప్తావా? ముందు నీ నెత్తి చేత నిజం చెప్పించు."

గురువారమంతా అదే పని. కొబ్బరినూనె రుద్దితే నలుపు పోలేదు సరికదా, కొత్త బూటులా మెరిసింది. నిమ్మకాయ పిండితే కళ్ళు మండాయి, నలుపుకు చీమ కుట్టినట్టైనా లేదు. చివరికి ఫోన్లో ఎవరో చెప్పారని వంటసోడా, షాంపూ కలిపి మంజుల దిట్టంగా పట్టించింది. కడుగుదామని కొళాయి తిప్పితే ఉసూరుమంది. మాకు నీళ్ళు మూడు రోజులకొకసారి వస్తాయి. ఆ మూడు రోజుల నీళ్ళూ నా తలే తాగేసింది.

"బిందెలో ఉండాయి గదా," అన్నాను.

"అవి తాగేదానికి. నీ నెత్తికి పోస్తే రేపు నువ్వు ఒక్కడివే ప్రమాణానికి పోవాల్సొస్తుంది, నేను దప్పికతో పోయుంటా."

నుదురు, చెవుల మీది నలుపు తువ్వాలుకు వదిలేదాకా తుడుచుకుని పడుకున్నాను. తెల్లవారి చూస్తే అద్భుతం. సోడా ఎండి, నలుపు మీద సన్నగా తెల్లపొడి పట్టి, అచ్చం నా పాత నెరుపే. ఎంత పొంగిపోయానో చెప్పలేను. దాన్ని చెదరగొట్టకూడదని దువ్వెన కూడా తగలనివ్వలేదు.

బస్సులో మునిరత్నం పక్క సీటే ఖాళీ. ఇద్దరం చెరో వైపు చూస్తూ కూర్చున్నాం. మంజుల, మా వీధివాళ్ళు ఓ ఆరుగురు వెనకాల. కాసేపటికి అతని చూపు నా తల మీద వాలింది.

"ఏందప్పా నీ నెత్తి ఒక మాదిరి ఉండాది?"

"దేవుడిచ్చిన నెత్తి. నీకంటే మేలే."

నిజం చెప్పడానికి బయల్దేరిన మనిషి ఆ పొద్దు చెప్పిన మొదటి మాట అది.

కాణిపాకంలో కొళాయి కింద తల పెట్టాను. ముందు తెల్లని నురగ వచ్చింది, దాని వెనకే సోడా ఊడదీసిన నలుపు. నుదుటి మీంచి, చెవుల వెనకనుంచి, ఉతికిన తెల్లచొక్కా మీదకి ధారలు కట్టింది. క్యూలో ఒకావిడ బిడ్డను పక్కకు లాక్కుంది.

"ఇది రంగు," అన్నాను. "అర్జీ నేను పెట్టలేదు. ఇది వట్టి రంగు."

"దేవుడిచ్చిందన్నావే?"

"నెత్తి సంగతి వేరే, అర్జీ సంగతి వేరే మునిరత్నం."

మునిరత్నం నన్ను పైనుంచి కిందికి చూశాడు. భుజాలు అదిరాయి. కోపమనుకున్నాను. నవ్వు.

"ప్రమాణం ఏమీ వద్దప్పా. నమ్మినాను. నెత్తి మీది రంగునే రొండు దినాలు దాచుకోలేనోడివి, అర్జీ పెట్టి వారం దాస్తావా? దానికి తెలివుండాల. నీకు యాడుండాది?"

ఆరుగురూ అవునన్నారు. అంత త్వరగా మా వీధి ఏ విషయంలోనూ ఏకం కాలేదు. మంజుల కూడా తలాడించింది.

గెలిచాను. అక్కడ దండం పెట్టుకుని ఇంటికొచ్చి ఉంటే మీకు ఈ కథ ఉండేది కాదు. కానీ చొక్కా నిండా నలుపు, ఒళ్ళంతా మంట, పైగా నిర్దోషిత్వానికి ఆధారం నా తెలివితక్కువతనం.

"నాకు తెలివి లేదా?" అన్నాను. "ఊర్లో సగం అర్జీలు నేను రాసినవే. నేను రాసుంటే మెట్లతో పోయేదా? నీ మిద్దె మీద రేకుల షెడ్డు కూడా పోయుండేది. దానికి పర్మిషన్ లేదని నాకు తెలీదా? కాలవ మీద వేసిన బండ సంగతి తెలీదా?"

మునిరత్నం నవ్వు మెల్లగా ఆరిపోయింది.

"ఓహో. లిస్టంతా తయారుగా పెట్టుకోనుండావు," అన్నాడు. "మళ్ళా నీళ్ళు పోసుకోప్పా. ఇప్పుడు ప్రమాణం చెయ్యాల్సిందే."

చేశాను. మెట్ల మీద అర్జీ పెట్టలేదని ఒకటి. షెడ్డు మీద, బండ మీద, ఆయన ఇకముందు కట్టబోయే వాటన్నిటి మీదా ఏనాటికీ పెట్టనని ఇంకొకటి. కిందటేడు ఆయన నా బండి దారికి అడ్డంగా పూలతొట్టి కట్టుకున్నాడు. చూస్తూ ఉన్నాను.

అక్కడే, కారుతున్న చొక్కాతో, ఎవరూ అడగని ప్రమాణం కూడా ఒకటి మనసులో చేసుకున్నాను. నా తల ఎంత నెరిస్తే అంత నెరవనిస్తాను. ఇకమీదట ఎవరైనా నన్ను తెలివితక్కువవాడని మెచ్చుకుంటే, చేతులు జోడించి, ఒక్క మాట కూడా ఎదురాడకుండా ఒప్పుకుని ఇంటికి వెళ్ళిపోతాను.