నేను సరిచేసిన అకార్డియన్

ఆ అకార్డియన్‌ని పాడు చేసింది నేనే. బాగు చేశానని వారం రోజులు ఛాతీ విరుచుకుని తిరిగాను కూడా. ఎవరైనా ఆ సంగతి ఎత్తితే ఇప్పటికీ మాట మార్చేస్తాను. అందుకే ఇక్కడ ముందే ఒప్పేసుకుంటున్నాను.

ఖతార్‌లో గ్యాస్ ప్లాంటులో ప్రెషర్ గేజీలు సరిచూడటం నా ఉద్యోగం. కాపురం అల్ ఖోర్‌లో. మా పనిలో మొదటి నియమం ఒకటుంది. గేజీ ఎంత తప్పు చూపిస్తున్నా సరే, ముట్టుకునే ముందు ఆ తప్పు ఎంతో ఫారంలో రాసిపెట్టాలి. స్క్రూడ్రైవర్ ఆ తర్వాతే. రాయకుండా చెయ్యి పెట్టినవాళ్ళని నలుగురిలో కడిగేసిన రోజులున్నాయి. మొదట ఎలా ఉందో తెలియకపోతే మనం సరిచేశామో చెడగొట్టామో దేవుడు కూడా చెప్పలేడని వాళ్ళకి లెక్చర్లు ఇచ్చేవాణ్ణి.

మా షిఫ్టు సూపర్‌వైజరు అమెరికాలో లూసియానా నుంచి వచ్చిన మనిషి. అరవై దాటాయి. ఆయన చెప్పేదాన్ని బట్టి వాళ్ళ ప్రాంతం మా కోనసీమకి చుట్టంలా ఉంటుంది. ఎటు చూసినా నీళ్ళు, వరి, రొయ్యలు. అన్నంలో రొయ్యల పులుసు కలుపుకుని తినే దొరని నేను అంతకుముందు చూడలేదు. మా నాన్న గోదావరి జిల్లాలో చర్చిలకీ నాటక సమాజాలకీ హార్మోనియంలు బాగు చేసేవాడని చెప్పగానే ఆయన లోపలికి వెళ్ళి ఒక పెట్టె తెచ్చాడు. చిన్న అకార్డియన్. కుడివైపు పది మీటలు, మధ్యలో తిత్తి. తిత్తి లాగితే ఒక స్వరం, నొక్కితే అదే మీటకి ఇంకో స్వరం. మా హార్మోనియానికి కోపం వస్తే ఎలా పలుకుతుందో అలా పలికింది.

దాన్ని కేజన్ సంగీతం అంటారట. ఎప్పుడో ఫ్రాన్సు వదిలి కెనడా చేరి, అక్కడినుంచి తరిమేస్తే లూసియానా బురదనేలల్లో స్థిరపడ్డవాళ్ళ పాటలు. మాటలన్నీ ఏడుపే, కాళ్ళు మాత్రం ఊరుకోవు. వాళ్ళ పక్కనే ఉండే నల్లవాళ్ళది జైడెకో. అందులోనూ అకార్డియనే, కాని ఉరుకు ఎక్కువ. ముడతల రేకుని చొక్కాలా తగిలించుకుని దానిమీద చెంచాలతో గీకుతారు. శుక్రవారాలు ఆయన ఇంట్లో జైడెకో వాయించేటప్పుడు ఆ రేకు పని నాది. రేకు బదులు మా ఆవిడ కొబ్బరి తురిమే పళ్ళెం. అది ఇంటికి తిరిగి వచ్చిన ప్రతిసారీ ఆవిడ నావైపు చూసే చూపు వేరుగా చెప్పక్కర్లేదు.

ఆ పెట్టె ఆయన తండ్రి చేసింది. ఆ తండ్రిని చిన్నప్పుడు బళ్ళో ఫ్రెంచి మాట్లాడినందుకు మోకాళ్ళ మీద నిలబెట్టేవారట. పెద్దయ్యాక వడ్రంగం నేర్చుకుని, పెరట్లో షెడ్డు వేసుకుని, ఈ అకార్డియన్ తయారుచేసి, గాలి తగిలితే పలికే సన్నని లోహపు నాలుకలకి, అంటే రీడ్లకి, తన చెవికి నచ్చిన శ్రుతి తనే పెట్టుకున్నాడు. పెద్దకొడుకు ఫిడేలు పట్టుకున్నాడు, చిన్నకొడుకు, అంటే మా సూపర్‌వైజరు, అకార్డియన్ పట్టుకున్నాడు. ఇద్దరూ ఆ శ్రుతిలోనే పెరిగారు. కిందటి చలికాలం తండ్రి పోయాడు. ఈయన సమయానికి చేరలేకపోయాడు. జూలైలో ఉద్యోగం వదిలి వెళ్ళాక, తండ్రి ఆదివారాలు వాయించిన డాన్సు హాల్లోనే అన్నదమ్ములిద్దరూ ఆయన వాల్ట్జ్‌ని, జంటలు తిరుగుతూ ఆడే ఆ నెమ్మది పాటని, ఆయన పెట్టె మీద వాయించాలని అనుకున్నారు. ఖతార్‌లో ఆ మిగిలిన నెలలన్నీ ఆ ఒక్క మాటే చెప్పేవాడు.

జూన్‌లో ఒక మధ్యాహ్నం ఆయన చేపల మార్కెట్టు దగ్గర ఆగి రొయ్యలు కొన్నాడు. పెట్టె కారు వెనక సీట్లో ఉంది. రొయ్యలకి ఐసు వేయించుకోవడం గుర్తుంది గాని పెట్టెని నీడకి తీసుకెళ్ళడం గుర్తులేదు. ఇక్కడి ఎండలో మూసిన కారంటే పొయ్యి. రీడ్లని పట్టి ఉంచే మైనం కరిగిపోయింది. మా గుమ్మంలో నిలబడి పెట్టెని కొంచెం వంచితే లోపల ఊడిన రీడ్లు గలగలమన్నాయి.

“అతికించగలవా?” అని అడిగాడు. అంతే అడిగాడు.

తేనె అమ్మే దుకాణంలో మైనం దొరికింది. ఇంటినుంచి ఎప్పుడో తెచ్చుకున్న గుగ్గిలం అందులో కలిపి, మా ఆవిడ పాత మూకుడులో కరిగించి, ఊడినవన్నీ ఒక్కొక్కటే నిలబెట్టాను. ఆ పని బాగానే చేశాను. దానికి సిగ్గుపడను.

అక్కడితో ఆగాల్సింది. అంతకుముందు నుంచే ఆ పెట్టెలో కొన్ని స్వరాలు నా చెవిని గీరుతుండేవి. ముఖ్యంగా గాంధారాలు. అన్నీ రవ్వంత కిందికి ఉండేవి. ఫోన్లో శ్రుతి చూపే యాప్ ఉంది. సరిగ్గా ఉంటే పచ్చరంగు, లేకపోతే ఎరుపు. ఒక్కో రీడూ ఊది చూశాను. ఎరుపు, ఎరుపు, ఎరుపు. నాకు పూనకం వచ్చింది. ఆకురాయి తీసి రీడ్ల కొసలు గీకడం మొదలుపెట్టాను. కొస గీకితే స్వరం పైకి వెళుతుంది.

మా ఆవిడ భోజనాల బల్ల మీద ఇనప పొడి చూసి ఆగింది.

“ఏవండీ, ఊడిపోయినవి అతికించమన్నారంతే కదా. ఆయన శ్రుతి పెట్టమన్నారేంటి? అడిగింది చేసి ఇచ్చెయ్యకూడదూ?”

చేతిలో ఉన్నప్పుడు సగం పని చేసి ఇవ్వడం నావల్ల కాదని విసుక్కున్నాను. ఎనభై రీడ్లు, రెండు వారాల సెలవు రోజులన్నీ వాటికే. ఒక్క అంకె కూడా కాగితం మీద పెట్టలేదు. తప్పని తెలిసిపోతూనే ఉంది, ఇంక రాయడమెందుకు అనుకున్నాను. ప్లాంటులో ఇంకొకడు ఈ పని చేసి ఉంటే వాడికి ఆ రోజు అన్నం దిగనిచ్చేవాణ్ణి కాదు.

చివరి రీడు పచ్చగా వెలిగాక చేతులు కడుక్కుంటుంటే మా నాన్న గుర్తొచ్చాడు. పద్యాలు పాడేవాళ్ళు వచ్చి, గాంధారం గుచ్చుకుంటోంది, కాస్త దించమని అడిగేవారు. నాన్న మారు మాట్లాడకుండా ఆ రీడు మొదట్లో ఒక్క గీత గీకి దించి ఇచ్చేవాడు. చదువులేని పద్ధతి అని నేను లోలోపల నవ్వుకునేవాణ్ణి. సబ్బు చేతులతో అలాగే నిలబడ్డాను. కాని యాప్ పచ్చగా చూపించింది కదా అని సర్దిచెప్పుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం ఆయన వచ్చాడు. అన్నకి వినిపిస్తానని ఫోన్‌ని మంచినీళ్ళ జగ్గుకి ఆనించి వీడియో కాల్ కలిపాడు. తెర మీద ముసలాయన ఒకడు ఫిడేలు పట్టుకుని కూర్చున్నాడు. ఈయన తన తండ్రి వాల్ట్జ్‌ని ఎత్తుకున్నాడు. నాకు అద్భుతంగా వినిపించింది. కడిగిన గాజుగ్లాసులా ఉంది ప్రతి స్వరం. మెచ్చుకుంటే ఏమనాలో కూడా సిద్ధం చేసుకుంటున్నాను.

నాలుగో వరుసకి ఆయన వేగం తగ్గింది. ఒకే మీట నొక్కి, లాగి, మళ్ళీ నొక్కాడు. తెర మీద కమాను కదలలేదు. అన్న ఫ్రెంచిలో ఏదో అడిగాడు. అన్న మళ్ళీ అడిగాడు.

ఏమంటున్నారని అడిగాను. అడగకపోయినా బాగుండేది.

“ఎవరి పెట్టె అది అంటున్నాడు,” అన్నాడాయన. “నాన్న పెట్టె ఏదీ అంటున్నాడు.”

నేను చేసిందంతా చెప్పేశాను. ఏం పర్వాలేదు, రీడు మొదట్లో గీకితే స్వరం కిందికి దిగుతుంది, మళ్ళీ దించేస్తానన్నాను. ఆయనకి కోపం రాలేదు. వస్తే బాగుండునని ఎంత కోరుకున్నానో.

“ఎంత దించుతావు?” అని అడిగాడు.

నా ఉద్యోగమే ఆ అంకె. నా దగ్గర అది లేదు. ఎనభై రీడ్లలో ఒక్కదానికీ లేదు. ఒక మనిషి బళ్ళో మోకాళ్ళ మీద నిలబడి, పెద్దయ్యాక ఎవరూ దిద్దని చోటు ఒకటి తనకోసం కట్టుకుంటే, ఆ కథంతా విని కూడా, అడగకుండా అందులోకి దూరి దిద్దేశాను. మా ఆవిడ టీ తెచ్చింది. ఆయన మొత్తం తాగాడు. బాగా అతికించావని చెప్పి, పెట్టె తీసుకుని వెళ్ళాడు. జూలైలో విమానమెక్కేదాకా మా ఇంటికి మళ్ళీ రాలేదు. నేనూ వెళ్ళలేదు. కొబ్బరి పళ్ళెం ఇప్పుడు వంటింట్లోనే ఉంటోంది.

ఆగస్టులో ఆయన దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. హాల్లో ఎవరిదో అరువు అకార్డియన్ మీద వాయించారట. తండ్రి వాయించిన పాత క్యాసెట్లు ఏనాడో వరదలో పోయాయి. అక్కడ రీడ్ల పని తెలిసిన ఒకాయన, పాత శ్రుతి వినిపిస్తే అలాగే పెట్టి చూస్తానన్నాడట. అల్ ఖోర్‌లో తీసిన రికార్డింగ్ ఏదైనా నీ దగ్గర ఉందా అని అడిగాడు.

ఫోనంతా గాలించాను. ఒక్క వీడియో దొరికింది. వసంతంలో, ఎండలు ముదరకముందు ఆయన వరండాలో తీసింది. అక్కడే నిలబడి పెట్టి విన్నాను. మొదట్లో వాల్ట్జ్ రెండు వరుసలు. తర్వాత ఆ కిందికి జారిన గాంధారం వస్తుంది. అది రాగానే దాని మీద నా గొంతు, గట్టిగా, ముద్దగా: “సార్, ఇదిగో, ఇది తప్పు. వినండి, ఇది తప్పు.” యాప్‌కి వినిపిస్తే అది నా గొంతునే కొలుస్తోంది. నా మాటలు కత్తిరిద్దామంటే ఆ స్వరమూ పోతుంది.

తిత్తి ఆగుతుంది. ఆయన నవ్వు వినిపిస్తుంది. అప్పుడు ఆయన ఏదో అన్నాడని గుర్తుంది గాని, ఏమన్నాడో ఆ రోజు నేను వినిపించుకోలేదు. ఈసారి చెవి దగ్గర పెట్టుకుని విన్నాను.

“తెలుసు. మా నాన్నకి అలాగే ఇష్టం.”

వీడియో అక్కడితో అయిపోతుంది. మూడు రోజులు దాచుకుని, నా గొంతుతో సహా పంపించేశాను.